కుడి కన్నం ముళ్ళకి, ఎడమ కన్నం గంటకి

మొన్న నాన్న తద్దినానికని తమ్ముడింటికి వెళ్ళాను. ముందురోజు సాయంత్రం మరదలు పెరట్లో పీట వేసుకుని, ఇత్తడి బిందె, పంచపాత్రలు, దీపపు సెమ్మెలు ముందు పెట్టుకుని చింతపండుతో తోముతోంది. "మీరెందుకు వదినా, చేతులు నల్లబడతాయి" అంటున్నా వినకుండా నేనూ ఒక సెమ్మె అందుకున్నాను. తోమి, కడిగి, మొహం మీద పడ్డ జుట్టు వెనక్కి నెట్టుకోబోతే అరచేతిలోంచి ఆ వాసన గుప్పుమంది. పుల్లటి ఇత్తడి వాసన. దానికి రవంత కిరసనాయిలు కలిపితే అది మా నాన్న చెయ్యి.

చిన్నప్పుడు నాన్న కలిపి పెట్టిన ప్రతి ముద్దలోనూ ఆ వాసన ఉండేది. కుంకుడు రసంతో, బూడిదతో, చివరికి సున్నిపిండితో కూడా రుద్దుకునేవాడు. గోళ్ళ సందుల్లోంచి మాత్రం పోయేది కాదు. "పప్పులో ఇంగువ లేకపోయినా ఫరవాలేదు, మీ నాన్న చెయ్యి తగిలితే చాలు" అని అమ్మ దెప్పేది.

నాన్న గడియారాలు బాగుచేసేవాడు. చేతి వాచీలు కాదు. గోడ గడియారాలు, బల్లమీది టైంపీసులు. ఈ తేడా ఆయనకి పెద్ద పట్టింపు. వాచీ పట్టుకుని ఎవరన్నా వస్తే, "సాయిబు గారి దగ్గరికి వెళ్ళండి, దానికి ఆయన కళ్ళు కావాలి. నా దగ్గరున్నవి చెవులు" అని పంపించేసేవాడు. వచ్చిన బేరం పొమ్మంటాడేమిటని అమ్మకి కోపం.

*

మాది బంగారప్పని చేసే ఇల్లు. బెజవాడ కొత్తపేటలో తాతయ్య కుంపటి ముందు కూచుని ఊదుగొట్టం ఊదడం నేను చూళ్ళేదు. నేను పుట్టేసరికే ఆ కుంపటి ఆరిపోయింది. 1963 జనవరిలో బంగారం కంట్రోలు వచ్చింది. పద్నాలుగు కేరట్లు మించిన బంగారంతో కొత్త నగ చెయ్యకూడదన్నారు. మన ఇళ్ళల్లో పద్నాలుగు కేరట్ల మంగళసూత్రాలు ఎవరు చేయించుకుంటారు? పని ఆగిపోయింది. మా ఒక్క వీధే కాదు, దేశంలో కంసాలి ఇళ్ళన్నిటికీ అదే గతి. కొందరు ప్రాణాలే తీసుకున్నారు. ఆ కంట్రోలు తెచ్చిన ఆర్థికమంత్రి మోరార్జీ దేశాయి పేరు రేడియోలో వినబడితే మా నాయనమ్మ చేస్తున్న పని ఆపి మరీ మెటికలు విరిచేది. ఆయన ప్రధానమంత్రి అయ్యాక ఆవిడకి వార్తలు వినడమే కష్టమైపోయింది.

నాన్నకి అప్పుడప్పుడే మీసాలు వస్తున్న వయసు. సన్నపని సగం నేర్చుకున్నాడు. ఆ పనికి నీళ్ళొదిలాక, వన్ టౌన్లో తాతయ్యకి తెలిసిన ఒక సాయిబు గారి దగ్గర పెట్టారు. తాతయ్య పనిముట్లు కూడా వెంట వెళ్ళాయి. పట్టుకునే శ్రావణం, అరగదీసే రకరకాల ఆకురాళ్ళు, అరచేతిలో పట్టే దాగలి దిమ్మ, ఊదుగొట్టం. సాయిబు గారు అవన్నీ ఒకసారి తిప్పి చూసి, "చేతికి సగం పని వచ్చేసింది బేటా, మిగిలిన సగం ఆగడం" అన్నారట.

ఆగడమంటే నిజంగా ఆగడమే. గడియారం రాగానే విప్పనిచ్చేవారు కాదు. ఒక పగలూ రాత్రీ గోడకి తగిలించి ఊరికే వినమనేవారు. ప్రతి గంటా ఒకే చోట ఆగుతోందంటే చిన్న ముల్లు, పెద్ద ముల్లు ఒకదాన్నొకటి రాసుకుంటున్నాయేమో ముందు చూడాలి. వేలితో కాస్త ఎడం చేస్తే పోయే జబ్బది. గంట కొట్టబోయే ముందు నిమిషాల్లో ఆగుతోందంటే స్ప్రింగులో బలం చాలడం లేదు, లేకపోతే మురికి దాని బలాన్ని తినేస్తోంది. ఎప్పుడు పడితే అప్పుడు ఆగితేనే విప్పాలి. నాన్న తర్వాత తన కొట్లో కూడా ఇదే పద్ధతి పెట్టాడు. "ఇవాళే ఇస్తారా?" అని అడిగినవాళ్ళకి, "ఇవాళ వింటానండీ" అనేవాడు. కొందరు అది విని గడియారం చంకన పెట్టుకుని వెనక్కి వెళ్ళిపోయేవాళ్ళు.

*

కొట్టు అంటే పెద్దగా ఊహించుకోకండి. కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర ఒక ఇత్తడి సామాన్ల కొట్టు పంచలో, మెట్టుకి ఒక పక్కగా అద్దాల పెట్టె. దాని వెనక ఎత్తు స్టూలు. వెనక గోడకి మేకులు, మేకులకి గడియారాలు. బాడుగ నెలకింత అని కాదు, ఇత్తడి కొట్టు షావుకారు గారింట్లో, కొట్లో ఉన్న గడియారాలన్నీ నాన్న ఉచితంగా చూడాలి. అంతే ఒప్పందం.

మధ్యాహ్నం బడి నుంచి వచ్చి, కారియర్ పట్టుకుని వెళ్ళడం నా పని. మార్కెట్లో ఒక వరస కూరగాయల కేకలు, ఒక వరస రిక్షా గంటలు, మా పంచలో వెనక్కి తిరిగితే బిందెల మోత. ఇంత రొదలోనూ నాన్న తల ఒక పక్కకి వాల్చి, గోడమీద ఏదో ఒకదాన్ని వింటూ ఉండేవాడు. ఏడెనిమిది గడియారాలు నడుస్తుంటే అందులో కుంటేది ఏదో తల తిప్పకుండా చెప్పేవాడు. కుంటడమంటే టిక్కుకీ టక్కుకీ మధ్య ఎడం సమానంగా లేకపోవడం. అలాంటిది పొద్దున్న నడుస్తుంది, సాయంత్రానికి ఆగిపోతుంది. చాలాసార్లు గడియారంలో లోపం ఉండదు, గోడకి వంకరగా తగిలించి ఉంటారు. ఇళ్ళకి వెళ్ళి బిగించినప్పుడు నాన్న దాన్ని అటూ ఇటూ జరుపుతూ విని, సరిగ్గా కుదిరిన చోట పెట్టె కిందంచు వెంట గోడమీద పెన్సిలు గీత గీసేవాడు. సున్నాలు వేసినప్పుడు ఆ గీత కాపాడమని ఇంటివాళ్ళకి అప్పగింతలు పెట్టేవాడు. సంక్రాంతి సున్నాల తర్వాత మాకు పని పెరిగేదంటే ఎంతమంది కాపాడేవారో మీరే అర్థం చేసుకోండి.

ఆ పెట్టెలో ఉన్న పనిముట్లలో దుకాణంలో కొన్నవి తక్కువ. కంటికి బిగించే భూతద్దం, పట్టకార్లు, కొన్ని స్క్రూడ్రైవర్లు కొన్నవి. మిగతావి సైకిలు చువ్వలు కోసి, కొస కాల్చి, సానబట్టి చేసుకున్న స్క్రూడ్రైవర్లు. నూనె వెయ్యడానికి చెక్కపిడికి గుచ్చిన కుట్టుసూది. ఇరుసులు తిరిగే కన్నాల్లో మురికి తియ్యడానికి చీపురు పుల్లలు, ఒక్కో కన్నానికి ఒక్కో లావులో చెక్కుకునేవాడు. ఇరుసుల కొసలు తుడవడానికి జీలుగు బెండు. పెళ్ళికి బాసికాలు చేసేవాళ్ళ దగ్గర మిగిలిన తునకలు అడిగి తెచ్చేవాడు. ఆ మెత్తటి బెండులోకి ఇరుసు కొస గుచ్చి తిప్పితే ఎంత జిడ్డయినా దానికి అంటుకుని వచ్చేస్తుంది. కన్నాలు తొలిచే బరమాని విల్లుతోనే తిప్పేవాడు. వెదురు బద్దకి గాలం దారం కట్టి, ఆ దారం బరమాకి ఒక చుట్టు చుట్టి, ముందుకీ వెనక్కీ లాగడం. కరెంటు డ్రిల్లు కొనుక్కోమని తమ్ముడు తర్వాతెప్పుడో అన్నాడు. "దాని చెయ్యి ఆగదురా" అన్నాడు నాన్న.

*

గడియారం విప్పేటప్పుడు మొదటి పని స్ప్రింగు దింపడం. నన్ను దగ్గరికి రానివ్వనిది ఆ ఒక్క పనికే. సేత్ థామస్, అన్సోనియా లాంటి అమెరికా గడియారాల్లో స్ప్రింగుకి డబ్బా ఉండదు, ఉక్కు పట్టీ బయటికే చుట్టుకుని ఉంటుంది. నిండా కీ ఇచ్చి ఉన్నప్పుడు, చక్రాల్ని రెండు వైపులా పట్టి ఉంచే పలకలు ఊడదీస్తే అది ఒక్కసారిగా విచ్చుకుని వేళ్ళని చీరేస్తుంది, పక్కనున్న చక్రాల పళ్ళూ రాల్చేస్తుంది. నాన్న కీ బిగించి గట్టిగా పట్టుకుని, రెండో చేత్తో చిన్న గొళ్ళెం ఎత్తి, పిడికిట్లో కీ కొంచెం కొంచెంగా జారనిచ్చేవాడు. కిర్రు... కిర్రు... ఆగి మళ్ళీ కిర్రు. తర్వాత స్ప్రింగు చుట్టూ కట్టుతీగ. నాన్న ఎడమ బొటనవేలి మీద ఒక పొడుగాటి మచ్చ ఉండేది. అడిగితే, "గురువు గారి మాట విననందుకు రసీదు" అనేవాడు.

ఆపైన నా రాజ్యం. పాత ఎనామెల్ పళ్ళెంలో కిరసనాయిలు పోసి చక్రాలన్నీ వేసేవాడు. పాత పళ్ళ బ్రష్షుతో తోమడం నా వంతు. నల్లటి జిడ్డు కింద నుంచి ఇత్తడి పచ్చగా తేలి వస్తుంటే ఆ పని ఆటలా ఉండేది. లోపల ఏమేం దొరికేవో! చచ్చిన చీమలు, బొద్దింక రెక్కలు, బల్లి గుడ్ల పెంకులు. ఒక ఇంటి గడియారం రాత్రిళ్ళు మాత్రం గంట కొట్టడం లేదని తెచ్చారు. కొట్లో ఎన్ని రాత్రులు ఉంచినా శుభ్రంగా కొట్టింది. చివరికి నాన్న వాళ్ళింటికే వెళ్ళి దీపాలార్పి కూచుంటే తేలింది. గంట మోగే చుట్టతీగ మీద పడుకునే బల్లి ఒకటి రోజూ రాత్రి పెట్టె వెనక సందులోంచి లోపలికి వస్తోంది. వెనక రంధ్రానికి గుడ్డ పీలిక కుక్కి వచ్చేశాడు. ఆ మరమ్మతుకి డబ్బెంత అడగాలో తెలియక ఏమీ అడగలేదు.

అన్నిటికన్నా ఎక్కువ చూసిన జబ్బు నూనె. ఇంట్లో ఉన్న నూనె ఏదైనా గడియారంలో పోసెయ్యడం జనానికి అలవాటు. కొబ్బరినూనె పోస్తే ఎండాకాలం బాగానే ఉంటుంది, జనవరి రాత్రి చలికి గడ్డకట్టి గడియారం కూడా గడ్డకడుతుంది. ఆముదం అయితే జిగురైపోయి ఏకంగా అతికిస్తుంది. నాన్న వేసేది సూది మొన మీద నిలిచేంత చుక్క, అదీ ఇరుసు తిరిగే కన్నం దగ్గరే. చక్రాల పళ్ళకి నూనె తగలనిచ్చేవాడు కాదు. పళ్ళకి నూనె అంటితే దానికి దుమ్ము అంటుకుంటుంది, ఆ రెండూ కలిసి ఆకురాయి పని చేస్తాయి.

ఏళ్ళ తరబడి తిరిగి తిరిగి కన్నాలు కోడిగుడ్డు ఆకారంలోకి సాగిపోతాయి. అప్పుడు ఇరుసు పక్కకి ఒరిగి, పళ్ళు సరిగా పట్టవు. సరైన వైద్యం ఏమిటంటే ఆ కన్నాన్ని పెద్దది చేసి, ఇత్తడి బుష్షు, అంటే చిన్న గొట్టం ముక్క, బిగించి, మళ్ళీ ఇరుసుకి తగ్గట్టు తొలవడం. ఒక్కో కన్నానికి గంట పైగా పడుతుంది. అడ్డదారి ఒకటుంది. కన్నం చుట్టూ పంచితో నాలుగు దెబ్బలు కొడితే లోహం లోపలికి నొక్కుకుని కన్నం బిగుస్తుంది. కొన్నాళ్ళు నడుస్తుంది. మళ్ళీ సాగాక ఇంక బుష్షు వెయ్యడానికి కూడా చోటు మిగలదు. అలా పంచి దెబ్బలతో మశూచి వచ్చినట్టున్న పలకలు చూసినప్పుడు మాత్రమే నాన్న నోట బూతు విన్నాను.

పలకల లోపలి వైపు ఇంకో సంగతి ఉండేది. బాగుచేసినవాళ్ళు సూదితో తేదీలు గీసేవాళ్ళు. ఒకే పలక మీద ఇంగ్లీషు అంకెలు, ఉర్దూ పొడి అక్షరాలు, తెలుగులో "ఆశ్వీజం" అని. నాన్న అవి చదివి రోగి చరిత్ర చెప్పేవాడు. "ఈయన రెండేళ్ళకోసారి తీసి కడిగాడు, చెయ్యి మంచిది. ఆ తర్వాత చాలా కాలం ఎవరూ ముట్టుకోలేదు. ఇదుగో, ఇక్కడికొచ్చి ఎవడో పంచి పట్టుకున్నాడు." తను కూడా తేదీ గీసేవాడు, పేరు మాత్రం గీయడు. తర్వాత విప్పేవాడికి కావలసింది ఎప్పుడు చేశారన్నదే, ఎవరు చేశారని కాదట.

*

ఆదివారాలు కీ ఇచ్చే ఇళ్ళ తిరుగుడు. అప్పట్లో గడియారాలు చాలావరకు ఎనిమిదిరోజులవి, వారానికోసారి కీ ఇవ్వాలి. పెద్ద ఇళ్ళవాళ్ళు, ఒకటి రెండు సత్రాలవాళ్ళు ఆ పని నాన్నకి నెలజీతం కింద అప్పగించారు. సైకిలు ముందు బద్ద మీద నేను, నా ఒళ్ళో కీల సంచి. పొద్దున్నే వన్ టౌన్ నుంచి బయలుదేరి గవర్నర్‌పేట, గాంధీనగర్, చివరికి సత్యనారాయణపురం. నాన్న స్టూలెక్కి అద్దం తలుపు తీస్తే నేను సైజు చూసి కీ అందించాలి. "కుడి కన్నం ముళ్ళకి, ఎడమ కన్నం గంటకి" అని నాకు అప్పుడే నోటికొచ్చింది. కొంచెం పెద్దయ్యాక స్టూలెక్కే పని కూడా నాదే అయింది.

సత్యనారాయణపురంలో రైలుపట్టాల పక్క ఇళ్ళల్లో గడియారాలతో వేరే తంటా. రైలు పోయిన ప్రతిసారీ గోడ అదిరేది. అలాంటిచోట పెట్టె కింద రెండు మూలలా చెక్కముక్కలు బిగించి కదలకుండా చెయ్యాలి. ఇప్పుడు ఆ పట్టాలే లేవు, అక్కడ వెడల్పాటి రోడ్డు పడింది.

గవర్నర్‌పేటలో ఒక ప్లీడరు గారిల్లు ఉండేది. ఆయన పోయాక మామ్మగారు ఒక్కరే ఉండేవారు. వాళ్ళ గడియారంలో గంట వైపు చక్రం పళ్ళు విరిగిపోయాయి, అలాంటి చక్రం నాన్నకి ఎక్కడా దొరకలేదు. ముళ్ళు నడుస్తాయి, గంట కొట్టదు. నాన్న తన జీతంలో సగం తగ్గించుకుంటానన్నాడు. మామ్మగారు ఒప్పుకోలేదు. "గంట లేకపోతే నాకే నయం నాయనా, రాత్రి పన్నెండూ లెక్కపెడుతూ మేలుకోనక్కర్లేదు. జీతం ఎందుకు తగ్గించడం, ఆ కన్నానిక్కూడా కీ ఇస్తున్నావనుకో" అన్నారు. నాన్నకి అది మనసుకి ఎక్కలేదు. చెయ్యని పనికి డబ్బు తీసుకుంటున్నట్టుందని, ప్రతి ఆదివారం అక్కడ ఇంకేదో పని వెతుక్కునేవాడు. తలుపు గడియ, కుళాయి వాషరు, కుట్టుమిషను. నాకు మాత్రం పెద్ద గ్లాసుడు పాలు, వేరుశనగ ఉండ.

*

ఇన్ని గడియారాలకి సరైన టైము ఎక్కణ్ణుంచి తెచ్చేవాడని ఇప్పటి పిల్లలు అడుగుతారు. రేడియోలోంచి. పొద్దున్న సంస్కృత వార్తలు మొదలైతే 6.55, ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు మొదలైతే 7.05. నాన్న ఆ వేళకి తన టైంపీసు చేతిలో పట్టుకుని రేడియో ముందు నిలబడేవాడు, అప్పుడు ఇంట్లో ఎవరూ దగ్గకూడదు. ఆ టైంపీసే రోజంతా సంచిలో తిరిగి అన్ని గోడల మీదికీ టైము మోసేది.

దానికి పెళ్ళిళ్ళ సీజన్లో ఇంకో ఉద్యోగం. సుముహూర్తం అర్ధరాత్రి దాటి 2 గంటల 47 నిమిషాలకి అన్నారనుకోండి. విడిదిలో పదిమంది చేతులకి పది వాచీలు, పది టైములు. అందుకని కొందరు పురోహితులు నాన్నని కబురు పెట్టి పిలిపించేవారు. టైంపీసు పట్టుకుని మండపం పక్కన కూచోవాలి, జీలకర్ర బెల్లం వేళకి చెయ్యెత్తాలి. భోజనం, తాంబూలం, పై ఖర్చులకి కొంత. నేనూ వెళ్ళి ఒక మూల చాప మీద నిద్రపోయేదాన్ని. ఒక పెళ్ళిలో పెళ్ళికూతురి తాతగారు తగువు వేసుకున్నారు. రేడియో టైము కాకినాడ దగ్గరగా పోయే రేఖ లెక్క, బెజవాడ పడమరకి ఉంది కాబట్టి మన సూర్యుడు ఏడెనిమిది నిమిషాలు వెనక, కనుక ఇంకా ముహూర్తం కాలేదు అని. ఆయన చెప్పినది నిజమే. కాకపోతే పంచాంగకర్త ఆ లెక్కంతా వేసే రాశాడని పురోహితుడు గారు. గడియకి 24 నిమిషాలు, రోజుకి 60 గడియలు అని వాళ్ళిద్దరూ వేళ్ళ మీద లెక్కలు వేసుకుంటుంటే నాన్న టైంపీసు చూసి చెయ్యెత్తేశాడు. బాజాలు మోగిపోయాయి. తాతగారు తర్వాత నాన్న పక్కనే కూచుని భోంచేశారు.

*

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు కదా. రోళ్ళ సంగతి నాకు తెలియదు గానీ గడియారాలు మాత్రం వెనకబడేవి. ఎండలు ముదిరాక ఒక ఆదివారం నాన్న ప్రతి ఇంట్లోనూ పెండ్యులం కింద ఉండే చిన్న మరని కాస్త పైకి తిప్పేవాడు. కార్తీకంలో మళ్ళీ కిందికి. ఎంత తిప్పాలో ఏ గడియారానికి ఆ గడియారానికి వేళ్ళకే తెలుసు. చెక్క ఊచ ఉన్న పెండ్యులాలని ముట్టుకునేవాడు కాదు, వాటికి ఎండ పట్టదు అనేవాడు.

కాలేజీలో లోలకం పాఠం వచ్చినప్పుడు కాగితం మీద లెక్క కట్టాను. ఉక్కు ఊచ వేడికి సాగితే, డిగ్రీకి రోజుకి సుమారు అర సెకను వెనకబడుతుంది. మన చలికాలానికీ బెజవాడ వేసవికీ ఇరవై డిగ్రీల తేడా వేసుకున్నా రోజుకి పది సెకన్లు, కీ ఇచ్చే వారానికి నిమిషం పైమాటే. ఇంటికొచ్చి గొప్పగా చెప్పాను. నాన్న శ్రద్ధగా విని, "మరి ఇత్తడి ఊచ అయితే?" అన్నాడు. మళ్ళీ కట్టాను. ఇంకా ఎక్కువ వచ్చింది. "ఆఁ, అందుకే ఆ సత్రందానికి ఒకటిన్నర చుట్టు తిప్పాల్సొస్తోంది" అని తనలో తను అనుకున్నాడు. నేను ఫిజిక్సు చెప్పుకుని బతికిన ఇన్నేళ్ళలో అంత బాగా విన్న విద్యార్థి దొరకలేదు.

*

1977 నవంబరు ఉప్పెన తర్వాత, దివిసీమ నుంచి ఒకాయన గోనెసంచిలో చుట్టి ఒక గడియారం తెచ్చారు. పెట్టె చెక్క ఉబ్బి పొరలు విడిపోయింది. లోపలంతా ఒండ్రు. ఉప్పునీటికి ఇత్తడి పచ్చగా చిలుముపట్టి ఉంది గానీ బతికే ఉంది, ఉక్కు మాత్రం బతకలేదు. స్ప్రింగు చుట్లు తుప్పుకి ఒకదానికొకటి కరుచుకుపోయాయి. నాన్న రోజుల తరబడి కిరసనాయిల్లో నానబెట్టి, విడదీసి, తుడిచి బిగిస్తే రెండో కీకే ఫట్టుమంది. ఆయన ఇంటి సంగతి, మనుషుల సంగతి మేం అడగలేదు. ఆయన చెప్పలేదు. గంట మోగితే చాలన్నారు.

ఉస్తాదు సాయిబు గారి పాత సామాన్లలో ఒక స్ప్రింగు దొరికింది. కొలత కొంచెం పొడుగైతే కొసని కుంపట్లో ఎర్రగా కాల్చి, కోసి, కన్నం తొలిచి కూర్చాడు. ఇరుసులు మళ్ళీ సానబట్టాడు. అంతా అయ్యాక ఆయన వచ్చి చూసి, డబ్బిచ్చి, గడియారం తీసుకోలేదు. "తగిలించడానికి గోడ లేదండీ. గోడ లేచాక వస్తా" అన్నారు. డబ్బు అప్పుడే వద్దని నాన్న ఎంత చెప్పినా వినలేదు. కొట్లో తడిసిపోతుందని నాన్న దాన్ని ఇంటికి తెచ్చి నడవలో తగిలించాడు. బాగా బరువైన గొంతు దానిది. ఆ చుట్టతీగ మోత వీధి మొగ వరకూ వినబడేది. మరుసటి వేసవిలో ఆయన వచ్చి తీసుకెళ్ళారు. పెండ్యులం విడిగా కాగితంలో చుట్టి, అది తగిలించే పల్చటి రేకు దారిలో విరక్కుండా ఎలా పట్టుకెళ్ళాలో నాన్న రెండుసార్లు చెప్పాడు. ఆ తర్వాత చాలా కాలం అమ్మ పొయ్యి మీద పాలు పొంగించేస్తూనే ఉంది. ఆవిడ దాని గంటలకే పనులన్నీ అలవాటు చేసుకుంది.

*

బ్యాటరీ గడియారాలు వచ్చినప్పుడు నాన్న తిట్టాడని రాస్తే బాగుంటుంది గానీ, తిట్టలేదు. మొదటి క్వార్ట్జ్ యంత్రం విప్పి చూసి, లోపల రాయి సెకనుకి 32,768 సార్లు కంపిస్తుందని నేను చెబితే చాలాసేపు దాన్నే చూశాడు. రేడియోతో సరిచూస్తే నెలకి కొద్ది సెకన్ల తేడా. "ఇది నాకన్నా నిజం చెబుతోంది" అన్నాడు. ఆ తర్వాత నవ్వి, "కానీ దీనికి నాతో పని లేదు" అన్నాడు.

గుజరాత్‌లోని మోర్వీ నుంచి చవకరకం ప్లాస్టిక్ గడియారాలు వచ్చిపడ్డాయి. టైటాన్ షోరూములు తెరిచారు. టైంపీసుకి కీ ఇచ్చి పడుకున్న పిల్లలు పెద్దవాళ్ళయిపోయారు. కీ ఇచ్చే ఇళ్ళు ఒక్కొక్కటే తగ్గాయి. ఎవరూ వద్దని చెప్పేవారు కాదు. ఏదో ఆదివారం వెళ్ళేసరికి గోడమీద కొత్తది ఉండేది, పాతది అటక మీద. కొందరు పాత పెట్టె మీద మోజు పోక, లోపలి యంత్రం తీసేసి బ్యాటరీది పెట్టమనేవారు. మొదట్లో కుదరదన్నాడు. తమ్ముడి కాలేజీ ఫీజుల టైముకి పెట్టడం మొదలుపెట్టాడు. తీసేసిన యంత్రాలన్నీ గోనెసంచిలో వేసి మంచం కింద ఉంచేవాడు, ఎప్పుడైనా విడిభాగాలకి పనికొస్తాయని. సంచులు రెండయ్యాయి, మూడయ్యాయి. చివరికి ఒక వేసవిలో, ఏ కొట్టు పంచలో ముప్ఫై ఏళ్ళు కూచున్నాడో ఆ ఇత్తడి షావుకారు గారికే తూకానికి ఇచ్చేశాడు. ఉక్కు ఇరుసులు పీకేసి, ఇత్తడి ఒక్కటే వేరుచేసి ఇవ్వాలి. ఆ పీకే పని నాన్న తనే చేశాడు. మమ్మల్ని సాయం పట్టనివ్వలేదు. వచ్చిన డబ్బు తమ్ముడి పరీక్ష ఫీజుకి సరిపోయింది, కొంచెం మిగిలింది కూడా.

*

నాన్న చివరి రోజుల్లో కళ్ళల్లో నీటికాసులు వచ్చి చూపు దాదాపు పోయింది. చెవులు మాత్రం పోలేదు. నేను సెలవులకి వెళ్ళినప్పుడు, ఆ గవర్నర్‌పేట మామ్మగారి మనవడు వాళ్ళ పాత గడియారం కారులో పెట్టుకుని వచ్చాడు. ఇల్లు అపార్ట్‌మెంటుకి ఇచ్చేశారు, దీన్ని మాత్రం తీసుకెళ్ళాలనుకుంటున్నాడు. మరి ఎన్నాళ్ళ నుంచో ఆగిపోయి ఉంది.

నాన్న నవారు మంచం మీద కూచుని చెబుతుంటే నేను విప్పాను. స్ప్రింగు దింపేటప్పుడు మాత్రం నా పిడికిలి మీద తన పిడికిలి వేశాడు. కిరసనాయిలు దొరక్క పెట్రోలుతో కడిగాను. చీపురు పుల్లలు చెక్కాను. పలక తడిమి చూసి, "ముళ్ళ వైపు మూడో కన్నం సాగింది, చూడు" అన్నాడు. సాగింది. బుష్షు వెయ్యడానికి తమ్ముడు పట్టుకోగా విల్లు బరమా లాగాను. నాన్న ఆ చప్పుడు వింటూ, "మెల్లిగా... ఇప్పుడు లాగు... చాలు" అంటూ ఉన్నాడు. గంట వైపు విరిగిన చక్రాన్ని అలాగే తుడిచి అక్కడే పెట్టించాడు.

గోడకి తగిలించాను. కుంటింది. "పెండ్యులాన్ని తోసే తీగ ఉందే, దాన్ని రవ్వంత వంచు. అటు కాదు. ఇటు. ఇంకా. ఇంకొంచెం." టిక్కు టక్కూ సమానమయ్యాయి. "ఆఁ, అక్కడ వదిలెయ్." గోడమీద గీత గియ్యాలా అని అడిగితే, "మన గోడెందుకు, ఆ అబ్బాయి ఇంట్లో గియ్యమని చెప్పు" అన్నాడు. తేదీ మాత్రం అంతకుముందే పలక మీద నాచేత గీయించాడు. వేలితో తడిమి అంకెలు తగులుతున్నాయని నిర్ధారించుకున్నాడు.

మర్నాడంతా విన్నాడు. సాయంత్రం ఆ అబ్బాయి వచ్చి ఎంతివ్వమంటారని అడిగాడు. నేను వద్దని చెప్పబోతే నాన్న అడ్డొచ్చాడు.

"నూట యాభై. నూనె డబ్బులు వేరే వెయ్యలేదు. గంట చెయ్యలేదు కాబట్టి దానికేమీ తీసుకోవడం లేదని మీ ఇంట్లో చెప్పు బాబూ."